వైరు పీకినా ఆగని పాట

2008లో డెనాన్ అనే జపాన్ ఆడియో కంపెనీ ఒక వైరును అమ్మకానికి పెట్టింది. పేరు ఏకే-డీఎల్1. పొడవు మీటరున్నర, ధర 499 డాలర్లు. అప్పటి మారకం లెక్కన 20 వేల రూపాయలు దాటిన మాట. చూడ్డానికి అది కంప్యూటర్ వెనక గుచ్చే ఈథర్నెట్ కేబులే. కాకపోతే ఒంటి మీద బాణం గుర్తులుండేవి. సిగ్నల్ ఏ కొస నుంచి ఏ కొసకి పోవాలో ఆ బాణాలు చెబుతాయట. తిరగేసి గుచ్చితే పాట చరణంతో మొదలై పల్లవితో ముగుస్తుందని మాత్రం కంపెనీ బెదిరించలేదు. అంతవరకూ సంతోషం.

ఇంటర్నెట్‌లో పాటలు వినే రోజులొచ్చాక ఆ బాణాలు అసలైన నెట్‌వర్క్ కేబుళ్ళ మీదికీ పాకాయి. గిగాబిట్ ఈథర్నెట్ కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి. నాలుగింటి మీదా ఒకేసారి అటూ ఇటూ రాకపోకలు సాగుతాయి. సర్వర్ నుంచి పాట ముక్కలు వస్తుంటే, 'అందాయి, తర్వాతవి పంపు' అని ఇటునుంచి జవాబులు పోతుంటాయి. జవాబు పోకపోతే తర్వాతి ముక్కలు రావు. బాణాన్ని నమ్మితే ఆ జవాబులన్నీ రాంగ్ రూట్లో పోతున్నట్టే లెక్క. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసుల కంట పడితే పాటకు కొన్ని వేల చలాన్లు.

ధరల విషయానికొస్తే డెనాన్‌ది ఇప్పుడు చిల్లర కింద జమ. అమెరికాకు చెందిన ఆడియోక్వెస్ట్ తన ఈథర్నెట్ కేబుళ్ళకు పెర్ల్, ఫారెస్ట్, సినమన్, వోడ్కా, డైమండ్ అని పేర్లు పెట్టింది. వరస చూస్తే కిరాణా కొట్టు, బారు, నగల దుకాణం ఒకే వరండాలో ఉన్నట్టుంటుంది. వెండి తీగల డైమండ్ 12 మీటర్ల ముక్క ధర 10 వేల డాలర్లు దాటి వార్తల్లోకెక్కింది. ఇప్పటి మారకంలో 8 లక్షల రూపాయలకు పైమాటే. మీటరున్నర మామూలు క్యాట్6 కేబుల్ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండొందలు పెడితే వస్తుంది. బేరమాడితే ఇంకా తగ్గుతుంది. బాణాలు మాత్రం ఉండవు.

కేబుల్ కొన్నాక ఆడియో భక్తుడికి, నెట్‌వర్క్ కేబుళ్ళను కలిపే స్విచ్ మీద అనుమానం మొదలవుతుంది. ఆఫీసుల్లో మూలన దుమ్ము కొట్టుకుంటూ పడుండే ఆ చిన్న పెట్టెకే ఆడియో లోకంలో పట్టాభిషేకం జరిగింది. నార్డోస్ట్ కంపెనీ క్యూనెట్ అనే ఐదు పోర్టుల స్విచ్‌ను 3 వేల డాలర్లకు పైగా ధరకు తెచ్చింది. స్విచ్ వచ్చాక దానికి విడిగా పవర్ సప్లై, పవర్ సప్లైకి ప్రత్యేకమైన కరెంటు తీగ, అన్నిటి కిందా అదురు తగలకుండా కాళ్ళు. 2015లో సోనీ కూడా పుణ్యం కట్టుకుంది. 'ప్రీమియం సౌండ్' ఇస్తుందంటూ 64 జీబీ మెమరీ కార్డును దాదాపు 18,500 యెన్లకు ప్రకటించింది. పాటను దాచుకునే చోటు కూడా పాడటం నేర్చుకుందన్నమాట.

ఇంతకీ ఆ వైరులో పోయేదేమిటి? సంగీతమైతే కాదు. వీణా పోదు, వయొలినూ పోదు. సీడీ నాణ్యతలో పాటంటే సెకనుకు 44,100 కొలతలు, ఒక్కోటి 16 బిట్లు, కుడికీ ఎడమకీ కలిపి సుమారు 14 లక్షల ఒకట్లూ సున్నాలూ. వీటిని 1,500 బైట్లకు మించని పొట్లాలుగా కట్టి పంపుతారు. ఒక్కో ఈథర్నెట్ పొట్లం చివర 32 బిట్ల సరిచూపు అంకె ఉంటుంది. అందుకునే పరికరం తానూ లెక్క కట్టి చూస్తుంది. తేడా వస్తే పొట్లాన్ని అక్కడికక్కడే పారేస్తుంది. ఆ లోటును కనిపెట్టి మళ్ళీ తెప్పించే పని టీసీపీ అనే ప్రోటోకాల్‌ది. ఈ పద్ధతిలో బొంగురుపోయిన ఒకటి, జీరబోయిన సున్నా అనేవి ఉండవు. పాట చెక్కుచెదరకుండా వస్తుంది, రానప్పుడు ఆగిపోతుంది. 'వచ్చింది గానీ గాయని గొంతులో కాస్త తేమ తగ్గింది' అనే మధ్యస్థం ఈ ఏర్పాటులోనే లేదు.

పాట వచ్చే రౌటర్ గుండానే యూపీఐలో డబ్బులు పోతాయి. వెండి తీగలోంచి పోయిన ఐదొందలు అవతలి ఖాతాలో మరింత నిగనిగలాడుతూ దిగాయని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అదే వైరులో తెలుగు నవల పీడీఎఫ్ దిగుతుంది. ఖరీదైన స్విచ్ పెట్టాక ఒత్తులు నిండుగా, దీర్ఘాలు మరింత దీర్ఘంగా కనబడ్డాయన్న పాఠకుడూ లేడు. ఈ మహిమ పాటల ఫైళ్ళ దగ్గరే ఎందుకు మేలుకుంటుందో వైరుకే తెలియాలి.

దీన్ని తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. నాలుగు నిమిషాల పాట, కుదించకుండా పంపినా, సుమారు 42 మెగాబైట్లు. 100 మెగాబిట్ల పాతకాలపు లైను మీద కూడా నాలుగు సెకన్లు పట్టదు. అందుకే ప్లేయర్లు పాటను ముందే తెచ్చి బఫర్‌లో పోసుకుంటాయి. కొన్నైతే కొద్ది సెకన్లకు సరిపడా, కొన్నైతే పాట మొత్తం. పాట సాగుతుండగా వెనక్కి వెళ్ళి ఈథర్నెట్ వైరు పీకి చేతిలో పట్టుకుంటే చాలు. బఫర్ ఖాళీ అయ్యేదాకా పాట ఆగదు. తబలా తప్పదు, గొంతు మసకబారదు. లక్షల వైరు నేల మీద పడి ఉంటుంది, గదిలో పాట మాత్రం హాయిగా సాగుతుంటుంది. వైరు వల్లే వచ్చిందన్న ఆ 'గాలి', ఆ 'లోతు', ఆ 'వెల్వెట్ లాంటి నిశ్శబ్దం' అప్పుడెక్కడినుంచి వస్తున్నట్టు?

ఇక్కడ వర్తకుడు గొంతు సవరించుకుంటాడు. బిట్లు సరే, సమయం సంగతేమిటంటాడు. పొట్లాలు ఒకటి ముందు, ఒకటి వెనక వస్తాయి కదా, తాళం తప్పదా? పెళ్ళి వంటశాలను చూసినవాళ్ళు ఈ ప్రశ్న వెయ్యరు. కూరగాయల లారీ తెల్లవారుజామున నాలుగుకి వచ్చినా, ఐదున్నరకి వచ్చినా సరుకు ముందు కొట్టుగదిలో పడుతుంది. అక్కడినుంచి వంటమేస్త్రి తన లెక్కన తీసుకుంటాడు. లారీ రోడ్డు మీద కుదుపులకు లోనైందని బంతిలో సాంబారు వడ్డన తడబడదు. ఈ ఇంట్లో కొట్టుగది బఫర్. వంటమేస్త్రి, అంకెల్ని తిరిగి ధ్వనిగా మార్చే డాక్ అనే పరికరం. దాని లోపల దానికంటూ ఒక గడియారం ఉంది. పాట నడక ఆ గడియారానిదే, బయటినుంచి వచ్చే వైరుది కాదు.

సమయం కూడా కుదరకపోతే విద్యుత్ రొదకి దిగుతారు. వైరు వెంట అది లోపలికి పాకుతుందట. ఈ వాదనలో ఒక గింజ నిజం ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. రెండు కొసల్లోనూ లోహపు తొడుగున్న షీల్డ్ కేబుల్ వేస్తే రెండు పరికరాల ఎర్త్‌లు కలిసి కొన్ని ఇళ్ళలో గుయ్యిమనే శబ్దం రావచ్చు. మందు ఏమిటంటే తొడుగు లేని మామూలు కేబుల్, అంటే అదే రెండొందలది. ఈథర్నెట్ పోర్టులో ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. 1,500 వోల్టుల పరీక్షకు తట్టుకునేలా అవి రెండు వైపులనూ విడదీస్తాయి. ఇక వీధి స్తంభాలకు గుత్తులుగా వేలాడుతూ ఇంట్లోకొచ్చే ఫైబర్ గాజుపోగు. అందులో నడిచేది వెలుగు. కరెంటు రొద గాజులోంచి పాకి రావడం కుదరదు. ఇన్ని అడ్డుగోడలు దాటి రొద వచ్చేసిందనే అనుకున్నా, లక్షలు పోసి కొన్న డాక్ దాన్ని ఆపలేకపోయిందంటే నిలదీయాల్సింది డాక్ చేసినవాణ్ణి. దానికి వైద్యంగా మరో లక్ష పెట్టి వైరు కొనడం, కారే కప్పు కింద వెండి బిందె పెట్టడమే.

ఆఖరి అస్త్రం ఒకటుంది. 'మీ సిస్టమ్ స్థాయి చాలదు, మీ చెవి ఇంకా పండలేదు.' దేవతా వస్త్రాల కథ విన్న తెలుగువాళ్ళకి ఈ మాట కొత్తగా అనిపించదు. సరైన పుట్టుక పుట్టినవాళ్ళకే బట్టలు కనబడతాయన్నాక సభలో లేవని నోరు విప్పేదెవరు?

కళ్ళు మూసి వినిపిస్తే మాత్రం ఆ సభ చెదిరిపోతుంది. 2015లో ఆర్స్ టెక్నికా పత్రిక, మహిమల గుట్టు రట్టు చేసిన ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ నెలకొల్పిన ఫౌండేషన్ తోడ్పాటుతో, లాస్ వేగస్‌లో 340 డాలర్ల వోడ్కా కేబుల్‌ను మామూలు కేబుల్ పక్కన పెట్టి జనానికి వినిపించింది. ఏది ఏదో వాళ్ళు చెప్పలేకపోయారు. ఇదే రాండీ 2007లో పేర్ అనే కంపెనీ అమ్మే 7,250 డాలర్ల స్పీకర్ కేబుళ్ళ తేడా గుడ్డి పరీక్షలో తేల్చి చూపిస్తే పది లక్షల డాలర్లిస్తానన్నాడు. ఒక పేరున్న ఆడియో విమర్శకుడు సై అన్నాడు. కేబుల్ కంపెనీయే వెనక్కి తగ్గింది. పది లక్షల డాలర్లు నడివీధిలో పెట్టి పిలిచినా రాని తేడా, షోరూమ్‌లో చెక్కు రాసే ముందు మాత్రం ఠంచనుగా వస్తుంది.

పండిన చెవుల సంగతి 2022లో ఇంకా అందంగా బయటపడింది. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే సంస్థ ఎల్పీ రికార్డులంటే ఆడియో భక్తులు కళ్ళకద్దుకునేవాళ్ళు. టేపు నుంచి రికార్డు దాకా అంకె సోకని శుద్ధ అనలాగ్ అని నమ్మి, డిజిటల్ చెయ్యి తగిలితే పసిగడతామని చెప్పుకునేవాళ్ళు. చాలా రికార్డుల తయారీలో ఏళ్ళ తరబడి డిజిటల్ మెట్టు ఉందని ఆ ఏడాది తేలింది. అన్నేళ్ళూ దాన్ని పట్టుకున్న చెవి లేదు. కంపెనీ మనుషులు ఒప్పుకున్నాకే అందరికీ వినబడింది.

ఈ కేబుళ్ళకు పోసే సొమ్ములో పదోవంతు కూడా లేకుండానే బాగుపడే చోట్లు ఇంట్లో బోలెడు. స్పాటిఫైలో నాణ్యతను 'ఆటోమేటిక్'లో వదిలేస్తే సిగ్నల్ బలహీనపడ్డప్పుడు పాట పలచబడుతుంది. సెట్టింగ్ మార్చడానికి పైసా ఖర్చు లేదు. ఫ్రిజ్ వెనక దాచిన వైఫై రౌటర్‌ను హాల్లోకి తెస్తే పాట మధ్యలో తెగడం ఆగుతుంది. నెట్‌వర్క్ చేసే చెడుపు ఇలాగే ఉంటుంది, పాట తెగుతుందే తప్ప రంగు మారదు. గచ్చు నేల, ఖాళీ గోడల హాలులో ఒక తివాచీ పరిచి, స్పీకర్లను గోడ మూలనుంచి రెండడుగులు ముందుకు జరిపితే వచ్చే మార్పుకు వోడ్కా అక్కర్లేదు. అన్నిటికీ ముందు రికార్డింగ్. 1957 నాటి 'మాయాబజార్' పాటలు మోనోలో పుట్టినవి. అరిగిన రికార్డు నుంచి ఎక్కించిన ప్రతికీ, శ్రద్ధగా శుభ్రం చేసిన ప్రతికీ ఉన్న తేడా ఫోన్ స్పీకర్లో కూడా తెలుస్తుంది. ఆ మోనో పాటకు 'స్టేజీ వెడల్పు' తెస్తానని బయల్దేరిన స్విచ్‌కు ఘటోత్కచుడి మాయలు తెలిసుండాలి.

ఈథర్నెట్ పేరులోనే ఒక చమత్కారముంది. 1973లో జెరాక్స్ పరిశోధనాలయంలో బాబ్ మెట్‌కాఫ్ దీనికి పేరు పెట్టేటప్పుడు, వెలుగును మోసుకుపోతుందని ఒకప్పుడు శాస్త్రజ్ఞులు ఊహించిన 'ఈథర్'ను గుర్తు చేసుకున్నాడు. ఆ ఈథర్ జాడ 1887 నాటి మైకెల్సన్-మోర్లీ ప్రయోగంలో దొరకలేదు. దొరకనిదాన్ని శాస్త్రజ్ఞులు వదిలేశారు. ఆడియో వర్తకులు మాత్రం మీటర్ల లెక్కన కోసి అమ్ముతున్నారు.

అమ్మే దృశ్యం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. మసక దీపాలు, మెత్తటి సోఫా. పాట మధ్యలో అమ్మేవాడు మామూలు కేబుల్ పీకి, బాణాన్ని చూసుకుంటూ బంగారు కొసల కేబుల్ గుచ్చుతాడు. 'ఇప్పుడు వినండి సార్' అంటాడు. సార్ కళ్ళు మూసుకుంటాడు, అరనిమిషంలో తల ఊపుతాడు. తెర జరిగిపోయినట్టుందంటాడు, గొంతు ఎదురుగా వచ్చి నిలబడ్డట్టుందంటాడు. ఆ అరనిమిషం పాట బఫర్‌లోంచి వచ్చింది. దాన్ని మోసుకొచ్చిన రెండొందల కేబుల్ అప్పటికే సోఫా కింద చుట్ట చుట్టుకుని పడుంది.