మీసమునకు ఎముక లేదు

నాలుకకు ఎముక లేదు గనుక ఎటు తిప్పిన నటు తిరుగునని మన పెద్దలు చెప్పిరి గాని, మీసమునకు సైతము ఎముక లేదను మాట చెప్పుట మఱచిపోయిరి. ఆ మఱపు వలన మన పురుషలోకమునకు కలిగిన నష్టము ఇంతింత యనరాదు. మగతనము మీసమున నున్నదని కొందఱును, కండలో నున్నదని కొందఱును, పడకటింట నున్నదని తక్కినవారందఱును నమ్మి, ఆ మూడు చోట్లను దీపము పెట్టి వెదకుకొనుచు, మనిషిని నిలువున నిలుపుచున్న ఎముకల గూటిని మాత్రము కాపురమున్నవాడు ఇంటి పునాదిని చూచినట్లు, అనగా చూడకయే, జీవితము గడపివేయుచున్నారు.

బీదరు జిల్లాలోని మా మంగళగి నుండి బయలుదేరి హుమనాబాదు పోవువాడు గాని, ఎల్లదాటి జహీరాబాదు పోవువాడు గాని, త్రోవ పొడుగునను గోడలమీద కన్నడమున నొకచోట, మరాఠీలో నొకచోట, ఉర్దూలో నొకచోట, తెలుగున నొకచోట వ్రాసియున్న ఒకే వాక్యమును చదువుకొనుచు పోవలసినదే: పోయిన మగతనము తిరిగి తెప్పింపబడును, సంతనాడు గుడారమునకు రండు. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాజ్యము భాషలవారీగా ముక్కలైనప్పుడు మేము మైసూరు పాలైతిమి, మా మేనత్తలు, వియ్యంకులు ఆంధ్రప్రదేశమున మిగిలిరి. నాటినుండి నేటివఱకు నాలుగు భాషలవారు నాలుగు దిక్కులకు లాగుకొనుచున్న ఈ సీమలో అందఱును ఏకగ్రీవముగా నంగీకరించిన విషయమేదైన నున్నచో, అది మగవారికి బలము తగ్గినదను నదియే.

ఆ గుడారమును నేను దగ్గఱనుండి చూచితిని. ఎదుట గోనెపట్టాపై ఎండిన వేళ్ళు, ఏ జంతువువో తెలియని గోళ్ళు, ఉడుము నూనె యని చెప్పబడు పచ్చని ద్రవము గల సీసాలు, తారువలె నల్లనై వ్రేలికంటుకొను శిలాజిత్తు ముద్ద. వెనుక తెరపై జబ్బ చఱచుచున్న పహిల్వాను బొమ్మ. వైద్యుడు (వైద్యుడనియే యందము, బిరుదులకు పన్ను లేదు గదా) నెత్తురు తీయడు, నాడియైన పట్టడు. ముఖమువంక చూచి ప్రశ్నలు మాత్రము వేయును. "పొద్దుగాల లేవంగనే నీరసంగ ఉంటదా? నడుము నొస్తదా? పని మీద మనసు వోతలేదా? ఊకెనే కోపమొస్తదా?" ఈ నాలుగింటికిని ఔనని చెప్పని సేద్యగాడు గాని, బడిపంతులు గాని, పెండ్లియై పదియేండ్లు దాటిన గృహస్థుడు గాని బీదరు జిల్లాలోనే కాదు, భూమండలముననే దొరకడు. అందుచేత రోగనిర్ణయము ఎన్నడును తప్పదు.

పిమ్మట లెక్క మొదలగును. నలువది చుక్కల నెత్తురు ఒక చుక్క మూలుగ యగునట. నలువది చుక్కల మూలుగ ఒక చుక్క వీర్యమగునట. ఈ గణితమును నమ్మి కుమిలిపోవు కుఱ్ఱవాండ్ర బెంగకు మనోవైద్యుడు నరేంద్రనాథ్ విగ్ 1960లో ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టినాడు. గుడారమువాడు దానికి ధర పెట్టినాడు. వాడు తన శాస్త్రమునకు ఆయుర్వేదమును సాక్షికి పిలుచును గనుక ఒక సందేహము. రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అని సప్తధాతువులను వరుసగా చెప్పిన ఆ శాస్త్రమున అస్థి యైదవ మెట్టు. ఏడవ మెట్టుకై యింత యారాటపడువాడు ఐదవదానిమీద కాలైన మోపక ఎగిరి దూకుట యెట్లు? అంత ఎత్తు దూకగలవానికి నిక్కముగ ఎముకలు గట్టివై యుండవలెను.

చట్టము లేదని యెవరును అనుకొనరాదు. భోగశక్తిని పెంచెదమని ప్రకటించుట తగదని 1954లోనే ఔషధములు, మాంత్రిక చికిత్సల చట్టమును పార్లమెంటు చేసియున్నది. గోడకు వ్రాయువానికి వ్రాయుట వచ్చును గాని చదువుట రాదు కాబోలు.

ఈ విషయమున నవ్వబడుటకు మనవారొక్కరే తగుదురనుట అన్యాయము. 1889 జూన్ నెలలో పారిస్ నగరపు జీవశాస్త్ర సంఘమున, డెబ్బదిరెండేండ్ల మహాపండితుడు బ్రౌన్ సెకార్, కుక్కల యొక్కయు సీమపందుల యొక్కయు వృషణముల రసమును తాను సూదితో నెక్కించుకొని పునర్యౌవనమును పొందితినని నిండుసభలో చాటెను. మెట్లు ఎక్కుట తేలికయైనదట; మూత్రధార మునుపటికంటె దూరము పోవుచున్నదట; పండితుడు గనుక ఆ దూరమును కొలిచి మఱి చెప్పెను. ఆయన నీటిలో పిండిన రసమున వృషణములు పుట్టించు హార్మోను ఉండదగినంత యుండదని తరువాతివారు తేల్చిరి. అనగా ధార పొడుగైనది నమ్మకముచేత. అటుపిమ్మట అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున బ్రింక్లీ యనువాడు మేకపోతు గ్రంథులను మనుష్యులకు కుట్టి కోటీశ్వరుడై, 1930లో వైద్యపట్టా ఊడిపోగా, సిగ్గుపడుటకు మాఱుగ ఆ యేడే గవర్నరు పదవికి నిలిచెను. మన గుడారమువాడు ఇంకను పంచాయతీకైన నిలువలేదు. వాని వినయమునకు సంతోషింపవలెను.

1935లో ఆమ్‌స్టర్‌డామున లాకరు బృందము ఎద్దు వృషణములనుండి ఆ పదార్థమును స్ఫటికములుగ వేఱుచేసి టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టెను. ఆ సంవత్సరమే దానిని ప్రయోగశాలలో తయారుచేసిన బూటెనాంట్, రుజిచ్కాలు 1939లో నోబెల్ బహుమానమునకు పాత్రులైరి. నాటితో మగతనము కవిత్వము నుండి తప్పించుకొని నెత్తురు చుక్కలో కొలువదగిన వస్తువైనది. తెల్లవాఱి తీసిన నెత్తురున, ఒకనాడు కాదు రెండునాళ్ళు కొలిచి, రెండుమాఱులును తక్కువయైననే తక్కువ యనవలెనని వైద్యశాస్త్రపు కట్టడి. ఎముకకు గట్టిదన మిచ్చు వానిలో కాల్షియమునకు తోడైన భాస్వరమును నెత్తురులో కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కెతో కలిసి లోకమునకు ఇచ్చినవాడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కొలుచుట నేర్పినవాడు మనవాడు. ముఖము చూచి చెప్పించుకొనువారమును మనమే.

ఇక మీసాలరాయళ్ళు చెవులు మూసికొనదగిన ఘట్టము వచ్చినది. 1994లో వైద్యులొక మనిషిని లోకమునకు చూపిరి. వయస్సు ఇరువదియెనిమిది, ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకను పెరుగుచునే యున్నాడు. టెస్టోస్టెరానుకు ఏ లోటును లేదు. అయినను ఎముకలు ముసలివాని యెముకలవలె గుల్లబాఱియున్నవి. కారణమేమన, వాని శరీరము ఈస్ట్రోజెన్ మాటను వినజాలదు. ఈస్ట్రోజెన్ అనగా ఆడవారిదని మనము చీరకట్టి పంపిన ఆ హార్మోనే. మగవాని ఒంటిలోని టెస్టోస్టెరాన్ కొంతభాగము ఆరోమటేజ్ అను కిణ్వము చేత ఈస్ట్రోజెనుగా మాఱి, ఆ రూపముననే ఎముకను ముఖ్యముగ కాపాడుచున్నదని దానితో స్పష్టమైనది. కొలువులో ప్రగల్భములు పలికినవాడు ఉత్తరకుమారుడు, గోవులను మరల్చినవాడు బృహన్నల. మీసము ఎంత మెలివేసినను ఎముకను నిలుపుట ఆ బృహన్నలవలననే. టెస్టోస్టెరాన్ అడుగంటినచో బృహన్నలకు పుట్టుకయే లేదు. అప్పుడు ఎముకను తినివేయు కణముల చేయి పైచేయియై, కట్టు కణములు కూలికి రాని మేస్త్రీలవలె వెనుకబడిపోవును. ఇంకొక చిత్రము. మగవాని ఎముక సాంద్రతను డెక్సా యంత్రముపై చూచి, టీ-స్కోరు వేయునప్పుడు దానిని పోల్చునది ఇరువది ముప్పది యేండ్ల నడిమి ఆడుదాని ఎముకతో. ఆ కొలమానమున మైనస్ 2.5 గాని, అంతకు దిగువ గాని యున్న మగవానిని గుల్లయెముకలవాడందురు. మగతనమును కొలుచుటకు తుదకు ఆడుపడుచునే తూకపురాయిగ తెచ్చుకొంటిమి.

అయినను ఎముకల గుల్ల ఆడవారి రోగమే యని మా ఊరి రచ్చబండ తీర్పు. యాబది దాటిన ఆడవారిలో ముగ్గురికొకరికి, మగవారిలో అయిదుగురికొకరికి గుల్లయెముక విఱుగునని లెక్కలుండగా, ఆ అయిదవవాడు ఎప్పుడును ప్రక్క ఊరివాడే. తుంటి విఱిగిన తరువాతి యేడాదిలో చనిపోవుట ఆడవారికంటె మగవారిలోనే యెక్కువ యని చెప్పినచో, అది వాని కర్మ యందురు. ఆడవారికి ముట్టుడిగిన నాడు శరీరము ఒక డప్పు కొట్టి చెప్పును; మగవానికి ముప్పది నలువదియేండ్ల తరువాత ఏటికి నూటికొకటి చొప్పున చప్పుడు లేక తఱిగిపోవు టెస్టోస్టెరానుకు డప్పు లేదు.

మా వీధిలో నొక పెద్దమనిషి కలడు. పేరెందుకు, ఊరందఱకును ఆయన కాకయే. డెబ్బది యేండ్లు, ఇరువదియేండ్ల చక్కెరవ్యాధి, రోజుకొక కట్ట బీడీలు, వారమునకొకమాఱు రంగు వేసిన గొప్ప మీసము. ఆయన రోగమును మొట్టమొదట కనుగొన్నవాడు మా మంగలి. "కాకకు ముందుగాల మూడొద్దులకొకసారి గడ్డం గీస్తుంటి. ఇప్పుడు పదొద్దులైనా చెంప నున్నగనే ఉంటుంది" అని అతడు కత్తి నూఱుచు చెప్పగా, గడ్డము పలుచనగుట టెస్టోస్టెరాన్ తగ్గుటకు గుఱుతులలో నొకటి యని యెఱిగిన నేను, ఈతనికంటె శాస్త్రీయుడు గుడారమున లేడుగదా యని విస్తుపోతిని. రెండవ సాక్షి చిలుకకొయ్య. ముప్పదియేండ్లుగ కాక ఇంటికి రాగానే రుమాలు విప్పి, చేయి చాచి, ఆ కొయ్యకు తగిలించుట అలవాటు. ఒకనాడు చేయి చాచెను, కొయ్య అందలేదు. మడమలెత్తెను, వ్రేళ్ళ కొనలు తగిలి రుమాలు జాఱి క్రిందపడెను. వెన్నుపూసలొకటొకటిగ నలిగి కూలబడినందున మనిషి బెత్తెడు పొట్టియైనాడని చెప్పబోయితిని. కాక నా వంక జాలిగ చూచి, "గోడ ఎత్తు పెరిగింది బిడ్డా. కొత్తగ గిలాబు చేసినప్పుడు మేస్త్రీ మోసం చేసిండు" అని సెలవిచ్చెను.

ఇట్టివారికి నడుమునొప్పి రాకుండునా? వచ్చెను. గుడారములో కొన్న పొడి వాడెను; పొడి తిన్న మూడవనాడే నొప్పి మాయము. పేరూరు లేని ఇట్టి పొడులలో స్టెరాయిడు మాత్రలు నూఱి కలుపుట పరీక్షలలో పలుమాఱులు బయటపడిన సంగతి. స్టెరాయిడు నొప్పిని మింగును. పిదప ఎముకను మింగును. పైపెచ్చు ఉన్న కాస్త టెస్టోస్టెరానును సైతము తగ్గించును. మగతనమునకని ఒక పొట్లము, నొప్పికని ఒక పొట్లము. మొదటిది చేయని పనిని రెండవది చెఱచుచుండును. ఇల్లు గుల్ల, ఒళ్ళు గుల్ల యనుమాట సారాకొట్టు కొఱకే పుట్టలేదు. కాక భార్య మాత్రము నలువదియైదవ యేటినుండి డాక్టరు వ్రాసిన కాల్షియము మాత్రలు మ్రింగుచునే యున్నది. ఆ సీసా ఎదుటనే యున్నను, అది చీరలపెట్టెవలె ఆడవారి సొమ్మని కాక ముట్టడు. ఇంటి యెనుము పాలు డెయిరీకి పోవును, నీళ్ళచాయ ఇంటివారికి. రాగులలో నూఱు గ్రాములకు మూడువందల మిల్లీగ్రాములకు పైగ కాల్షియమున్నను, అది మైసూరువారి తిండి, మాది జొన్నరొట్టె రాజ్యము.

గడచిన చలికాలమున కాక చావడి మెట్టు దిగుచు పడెను. ఒక్క మెట్టు, దాని ఎత్తు జానెడు. తుంటి విఱిగెను. పట్టణమున ఒక ఆసుపత్రిలో పలక వేసి కుట్టిరి. చూడవచ్చిన ఊరివారందఱును చెప్పు జాఱెనా, కన్ను తిరిగెనా, ఎవరి దిష్టి తగిలెనా యని అడిగిరి. జానెడు మెట్టుకు తుంటి యేల విఱుగవలెనని అడిగినవాడు లేడు. డెక్సా తీయింపుమని కాని, టెస్టోస్టెరాన్ చూడుమని కాని కాగితముపై వ్రాయబడలేదు. బిల్లుమీద మాత్రము ప్రతి సూదియు, ప్రతి పట్టీయు వ్రాయబడినవి.

నగరవాసులు ఈ కథకు నవ్వి, మేము చదువుకొన్నవారము, మాకు గుడారములు లేవందురు. వారికి గుడారము లేదు, ఏసీ కలదు; గోనెపట్టా లేదు, తోలుకుర్చీ కలదు; ప్రశ్నలు మాత్రము ఆ నాలుగే. నీరసమా, నడుమునొప్పియా, విసుగా, కోపమా? ఐనచో టెస్టోస్టెరాన్ జెల్లు, లేదా సూది. ఒంటిలో అది నిజముగ తక్కువైన వారికి వైద్యుడిచ్చుట వేఱు మాట. కాని జెల్లు పూసిన ఎముక ఉక్కగునను వారికొక వార్త. 2024 జనవరిలో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, టెస్టోస్టెరాన్ తక్కువగానున్న నడివయసు, ముసలివయసు మగవారు 5,204 మందికి సగము మందికి అసలు మందును, సగము మందికి ఉత్త జెల్లును ఇచ్చి మూడేండ్లు చూచిరి. ఉత్త జెల్లువారిలో ఎముక విఱిగినవారు నూటికి 2.46, అసలు మందువారిలో 3.5! అంతకు మునుపటి పరిశోధనలలో యంత్రముపై సాంద్రత పెరుగగా, ఇందులో ఎముకలు విఱుగుట పెరిగినది. ఒంట సత్తువ వచ్చినదను ధీమాతో దుముకబోయి పడిరో యేమో, కారణము ఇంకను తేలవలసియున్నది. మఱియొకవైపు, ప్రోస్టేటు క్యాన్సరునకు ఆ హార్మోనును అణచు చికిత్స పొందినవారి ఎముకలు ఎక్కువగ విఱుగుట ఏబదివేలమందికి పైగల లెక్కలతో 2005లోనే రుజువైనది. ఐదేండ్లు బ్రతికినవారిలో చికిత్స పొందినవారికి నూటికి 19.4, పొందనివారికి 12.6. తగ్గినను విఱుగును, పోసినను విఱుగును. ఇట్టి మొండిఘటమును మీసము తిప్పి లొంగదీయుదమనువారి ధైర్యమునకు జోహారు. పైన పటారము, లోన లొటారము అన్న సామెతను ఎముకను చూచియే యెవరో చెప్పియుందురు.

కాక మూడు నెలలకు లేచి కూర్చుండెను. ఆరవనెలకు నాలుగు కాళ్ళ ఊతకఱ్ఱతో చావడిలోనికి వచ్చెను. ఈలోగ కొడుకు, తండ్రి ఇబ్బంది చూడలేక, వడ్రంగిని పిలిపించి చిలుకకొయ్యను మూరెడు దిగువకు దిగగొట్టించినాడు. మొన్న నేను పోయినప్పుడు కాక మంచముపై కూర్చుండియే చేయి చాచి, రుమాలు దానికి తగిలించి, రంగు వేసిన మీసము నొకమాఱు దువ్వి, నావంక గెలిచినవానివలె చూచెను.

"చెప్పలే బిడ్డా? గోడదే తప్పు."