మిద్దె మీద గొలుసు చెరువులు

కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. పాలారు ఉందంటారు. ఉంది, మ్యాపులో. అందుకే మా పెద్దలు పల్లం కనిపించిన చోటల్లా కట్ట వేసి చెరువు చేశారు. పై చెరువు కోడి పోతే కింది చెరువుకు, అదీ నిండితే దాని కిందదానికి నీళ్ళు. ఇప్పుడైతే 2018 నుంచి బెంగళూరు తన మురుగునీళ్ళను శుద్ధి చేసి మా చెరువులకు పంపుతోంది. మేమూ వద్దనడం లేదు. ఇలాంటి జిల్లాలో నీళ్ళు నిలిచిపోయాయని ఏడ్చినవాడు మా బావమరిది ఒక్కడే.

అతనిది బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేటలో ఇల్లు కట్టి, మిద్దె మీద కాంపోజిట్ డెక్ వేయిస్తానన్నాడు. చెక్కపొడి, ప్లాస్టిక్కు కలిపి చేసిన పలకలు. చెద పట్టదట, రంగు వేయక్కర్లేదట. మేస్త్రీ ఒక పలకను గోటితో గీకి, వాసన చూసి, "వాటం ఎంత పెట్టల్ల సార్?" అన్నాడు.

"వాటం ఎందుకు? అంతా లెవెల్‌గా ఉండాలి. కప్పు పెడితే కాఫీ ఒలకకూడదు."

మేస్త్రీ అడిగింది న్యాయమే. కింద స్లాబుకు పదడుగులకు సుమారు అంగుళంపావు వాటమైనా ఉంటేనే నీళ్ళు మూలనున్న గొట్టందాకా నడుస్తాయి. పైన పలకలు మట్టంగా ఉన్నా ఫరవాలేదు, సందుల్లోంచి నీళ్ళు దిగిపోతాయి. అయితే పలకల్ని మోసే బద్దెల్ని మాత్రం నీళ్ళు పారే దిక్కుకే పరవాలి. మా వాడు వాటానికి ఒప్పుకున్నాడు గానీ, పలకలు నిలువుగా కనిపిస్తే ఫొటోకు బాగుంటుందని బద్దెలు అడ్డంగా వేయించాడు. మేస్త్రీ రెండుసార్లు చెప్పి చూసి, మూడోసారి బీడీ ముట్టించుకున్నాడు.

నవంబరులో తుపాను పట్టింది. తెరిపిచ్చాక సందుల్లోకి టార్చి కొట్టి చూస్తే ప్రతి బద్దె ఒక కట్ట, బద్దెకూ బద్దెకూ మధ్య ఒక చెరువు. పైది కోడి పోయి కిందిది నిండింది. అన్నిటికంటే కింద, గొట్టం మూతిని వేపాకు కప్పేసింది. వారం తిరక్కుండా ఒక కప్ప కూడా కాపురానికొచ్చింది. రెండంతస్తులు ఎలా ఎక్కిందో!

ఈ ఊళ్ళో చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అంత లోతు గనుల్లో పని సాగాలంటే నీళ్ళు తోడుతూనే ఉండాలి. 2001లో గనులు మూతపడ్డాక ఆ నీళ్ళే వాటిని నింపేశాయి. ఒకప్పుడు గనిలో పంపు దగ్గర పనిచేసిన పక్కింటి పెద్దాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, నాలుగంగుళాల గొట్టం వంక చాలాసేపు చూసి, "దీన్ని కూడా మూసేసినారా?" అన్నాడు.

1908 మూసీ వరద తర్వాత హైదరాబాదు వెళ్ళి, వరదకూ మురుగుకూ దారి చూపిన విశ్వేశ్వరయ్యది ముద్దేనహళ్ళి. అది 2007దాకా మా జిల్లాయే. పంపకాల్లో ఆ తెలివి కాస్తా చిక్కబళ్ళాపురం వాటాకు పోయిందని నా అనుమానం.

చివరికి పలకలన్నీ ఊడదీసి, బద్దెలు తిప్పి వేశారు. నీళ్ళు బుద్ధిగా పోయాయి, కప్పా పోయింది. ఎండాకాలం వచ్చేసరికి పలకలు ఎంత కాలాయంటే చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. కాఫీ హాల్లోకి దిగింది. మా అత్తకు మాత్రం ఇంత వేడి చోటు పుట్టి బుద్ధెరిగాక దొరకలేదు. ప్లాస్టిక్కేగా అని ఏమీ పరవకుండా పలకల మీదే వడియాలు పెట్టేసింది. పిండి సందుల్లోకి జారి గట్టిపడింది. మళ్ళీ మేస్త్రీ, మళ్ళీ బీడీ.

తల్లిని ఎదురుగా అనలేక బావమరిది అట్టముక్క మీద "ఇక్కడ వడియాలు పెట్టరాదు" అని రాసి తలుపుకు అంటించాడు. అతను చదివిందంతా కన్నడంలో. తెలుగు మాట్లాడ్డమే గానీ రాయడం రాదు. అత్త పుట్టిల్లు కుప్పం, ఆమెకు తెలుగు తప్ప ఇంకో అక్షరం తెలీదు. అట్ట ముందు నిలబడి, "రాత ముత్యాల్లా ఉందప్పా నా కొడుకుది" అని మురిసిపోయి, సగ్గుబియ్యం నానబెట్టడానికి వెళ్ళింది.