ఈ మూల చూడకండి!

అమెరికాలో ఓ మాదిరి ఊళ్ళన్నిటిలోనూ చర్చి హాల్లోనో, లైబ్రరీ వెనకగదిలోనో నెలకోసారి ఒక సమావేశం జరుగుతుంది. వచ్చేవాళ్ళని గుర్తుపట్టడం సులువు. చొక్కాకీ ప్యాంటుకీ, ఒక్కోసారి జుట్టుకీ కూడా, ఎన్నిసార్లు దులిపినా వదలని దారప్పోగులుంటాయి. భుజాన గుడ్డసంచీ, అందులో ముడత పడకుండా అట్టముక్క మీద పరిచి తెచ్చిన చదరపు గుడ్డపలక. దాన్ని బ్లాక్ అంటారు. అలాంటివి ఇరవయ్యో ముప్ఫయ్యో కలిపి కుట్టి, కింద పల్చని దూది పొర, దాని కింద అస్తరు వేసి, మూడు పొరలూ పట్టేలా కుడితే క్విల్టు అవుతుంది. మన మాటల్లో బొంత. ఆ సంచీ మోసుకొచ్చే మనిషిని క్విల్టరమ్మ అందాం. (మగవాళ్ళూ ఉన్నారు. సంఖ్య తక్కువ, చాదస్తం సమానం.) చలికి కప్పుకోడానికే ఈ పనంతా అని ఆవిడ అంటుంది, లోకం నమ్ముతుంది. నమ్మకూడదని నా వాదన. క్విల్టరమ్మ కుట్టేది చూపించడానికి. ఆ చూపించడంలో ఎప్పుడైనా ఒక దుప్పటి తయారైతే, అది కలిసొచ్చిన లాభం.

ముందు పొదుపు సంగతి తేల్చుకుందాం. మన ఇళ్ళలో బొంత చిరుగుల్లోంచి పుడుతుంది. కట్టి కట్టి మెత్తబడ్డ నేతచీరలు పొరలుగా పరిచి, పెద్ద సూదితో కుట్టి, పసిబిడ్డ కింద వేస్తారు. అంత పనికొచ్చే వస్తువైనా 'అతుకుల బొంత' అన్నమాట మనకు తిట్టే. ఎప్పుడు పడిపోతుందో తెలియని ప్రభుత్వానికి ఆ పేరు పెడతాం. క్విల్టరమ్మ దారి వేరు. నిక్షేపంలాంటి కొత్త గుడ్డ కొంటుంది, ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్ని మళ్ళీ ఒకదానికొకటి అతుకుతుంది. పూర్వం పేదరికంలోంచి వచ్చిన విద్య కదా అంటారు. మిల్లు గుడ్డ చవకయ్యాకే, 19వ శతాబ్దంలో, అతుకుల దుప్పట్లు అక్కడ ఇంటింటికీ పాకాయి. ముక్క మిగలాలంటే ముందు తాను ఉండాలిగా! ఇప్పటి దుకాణాల్లో 'ఫ్యాట్ క్వార్టర్' అని ఒకటి అమ్ముతారు. గజంలో పావు కోయమంటే మామూలుగా 9 అంగుళాల వెడల్పు, 44 అంగుళాల పొడవున్న పేలిక వస్తుంది. అదే పావుని 18కి 22 అంగుళాలు వచ్చేలా కోసి, నలుచదరంగా మడిచి, రిబ్బను కడితే ఫ్యాట్ క్వార్టర్. వైశాల్యం ఒకటే, ఆశ వేరు. ఇది అర్థం కావడానికి తెలుగువాళ్ళు విమానం ఎక్కక్కర్లేదు, పేరంటంలో తాంబూలంతో పెట్టే జాకెట్టు ముక్కని తలుచుకుంటే చాలు. దాన్ని ఎవరూ కుట్టించుకోరు. శ్రావణమాసంలో ఈ ఇంట్లో బయల్దేరి, అట్లతద్దికి ఆ ఇంటికి, సంక్రాంతికి ఇంకో ఇంటికి తిరిగి, ఒక్కోసారి మొదట ఇచ్చినావిడ చేతికే వస్తుంది. ఫ్యాట్ క్వార్టరూ పుట్టినరోజుకీ, లాటరీ బహుమతికీ ఇలాగే చేతులు మారుతుంది. తేడా అల్లా, మనం జాకెట్టు ముక్కని బీరువా అడుగున కుక్కుతాం, క్విల్టరమ్మ రంగుల వరసన అలమరలో పేరుస్తుంది. ఆయుర్దాయానికి మించి పోగైన గుడ్డకి వాళ్ళకో ముద్దుపేరు కూడా ఉంది: సేబుల్.

అసలు ఘట్టం సమావేశం చివర్న వస్తుంది. దాని పేరు 'షో అండ్ టెల్'. క్విల్టరమ్మ లేచి, బ్లాకుని రెండు కొసలా పట్టుకుని, గడ్డం కిందికి ఎత్తుకుంటుంది. మొదటి మాట: ''ఈ మూల మాత్రం చూడకండి.'' అంతవరకూ ఆ మూల ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు నలభై కళ్ళూ అక్కడే. చూసి, ''ఏముందక్కడ, దివ్యంగా ఉంది'' అనాలి. అనకపోతే మర్యాద కాదు. ''ఇవాళ పులుసు కుదరలేదండీ'' అంటూ వడ్డించే మన ఇల్లాలికీ, ''అబ్బే, అమృతం'' అనే అతిథికీ మధ్య ఉన్న ఒడంబడికే ఇదీ. కాకపోతే పులుసుని ఎవరూ స్కేలు పెట్టి కొలవరు. బ్లాకుని కొలుస్తారు. క్విల్టులో చేరాక 12 అంగుళాలు రావలసిన పలక, చుట్టూ కుట్టుకి వదిలిన పావంగుళాలతో కలిపి ముందు పన్నెండున్నర ఉండాలి. అన్నిటికన్నా తేలికైన 'నైన్ ప్యాచ్'నే తీసుకోండి. నాలుగున్నర అంగుళాల చదరాలు తొమ్మిది, మూడేసి చొప్పున మూడు వరసలు. వరసకి కుట్లు రెండే. పావంగుళం దగ్గర వెయ్యాల్సిన కుట్టు వీసం, అంటే అంగుళంలో పదహారో వంతు, లోపలికి పడిందనుకోండి. ఒక్కో కుట్టూ రెండు ముక్కల్నీ కొరుకుతుంది గనక రెండు కుట్లూ కలిసి పావంగుళం మింగేస్తాయి. పలక పన్నెండుంబావుకి దిగుతుంది. ఇప్పుడు పన్నెండు మంది కలిసి బ్లాకులు ఇచ్చిపుచ్చుకున్నారు. మిషన్లు పన్నెండు, పావంగుళాలూ పన్నెండు రకాలు. ఇంటికెళ్ళి పేర్చుకుంటే ఒకటి బిగుసుకుంటుంది, ఒకటి అప్పడంలా ఉబ్బుతుంది. ఎవరిది ఏదో పేరు రాయకపోయినా తెలిసిపోతుంది, తెలిసినా ఎవరూ పైకి అనరు. దేవుడొక్కడే నిర్దోషి గనక ఆమిష్ అనే క్రైస్తవ శాఖ స్త్రీలు ప్రతి క్విల్టులోనూ కావాలనే ఒక తప్పు కుట్టేవారని ఒక కథ ఉంది. కట్టుకథ అని చరిత్రకారులు ఎంత చెప్పినా క్విల్టరమ్మలు దాన్ని వదల్లేదు. వంకర కుట్టుకి అంత భక్తిగల సాకు ఇంకెక్కడ దొరుకుతుంది?

చూపించుకోడానికే అయితే వట్టి డాబు కదా అని ఎవరైనా అడగొచ్చు. డాబుసరి మనిషి లోపం దాస్తాడు, ఈవిడ లోపంతోనే మొదలుపెడుతోంది. పైగా ఎవరికి పడితే వాళ్ళకి చూపించదు, చదవడం వచ్చినవాళ్ళకే చూపిస్తుంది. 1916లో సూజన్ గ్లాస్పెల్ రాసిన 'ట్రైఫిల్స్' నాటకంలో హత్య జరిగిన ఇంటిని షరీఫూ, సర్కారు వకీలూ ఆధారాల కోసం గాలిస్తుంటారు. వెంట వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కుట్టుబుట్టలోని 'లాగ్ క్యాబిన్' బ్లాకుల గురించి మాట్లాడుకుంటుంటే నవ్వుతారు. ఆధారం ఆ బుట్టలోనే ఉంది. బ్లాకులన్నీ పొందిగ్గా ఉండి, ఒక్కదాంట్లో కుట్టు అడ్డదిడ్డంగా పోయింది. కుట్టినావిడ మనసు ఎక్కడ చెదిరిందో ఆ ఇద్దరికీ తెలిసిపోతుంది, ఒకావిడ ఆ దారం లాగేసి సరిగ్గా కుట్టేస్తుంది. మగవాళ్ళకి చివరిదాకా అంతుపట్టదు. ఇంట్లో భర్త పేపర్లోంచి తలెత్తి ''బాగుంది'' అంటే క్విల్టరమ్మకి ఆనకపోవడానికి కారణం ఇదే.

దీనికన్నా గట్టి అభ్యంతరం అలబామాలోని జీస్ బెండ్. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనిలో చిరిగిన ప్యాంట్లూ చొక్కాలూ విప్పి కుట్టినవి నిజంగా చలికోసమే. ఇది ఒప్పుకోవాలి, వాళ్ళ దగ్గర సరదా మాట ఎత్తితే అవమానించినట్టే. కానీ ఒక్క చలి కోసమే అయితే, వెలిసిన నీలం పక్కన వెలవని నీలం ముక్కని అంత చూసి చూసి పెట్టడమెందుకు? వసంతంలో ఆ క్విల్టుల్ని తీగల మీద ఆరేస్తే ఇరుగుపొరుగు వచ్చి చూసేవాళ్ళు. 2002లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం వాటినే గోడలకి తగిలించింది. మ్యూజియం కాస్త ఆలస్యంగా వచ్చిన పొరుగింటావిడ, అంతే. ఇక 1987 అక్టోబరులో వాషింగ్టన్ నేషనల్ మాల్‌లో పరిచిన ఎయిడ్స్ మెమోరియల్ క్విల్టుని కప్పుకోవాలని ఎవరూ అనుకోలేదు. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఒక మనిషిని పూడ్చే చోటంత పలకలు, 1,920. వాటి చుట్టూ నడిచి పేర్లు చదవడానికే కుట్టారు.

దుప్పటి పూర్తయ్యే రోజు అరుదుగానే వస్తుంది. పూర్తయితే ఒక్కసారే చూపించాలి, బ్లాకులైతే నెలనెలా చూపించొచ్చు. సగంలో ఆగిన పనుల్ని వాళ్ళు 'పీహెచ్‌డీ'లంటారు; ఒక్కో ఇంట్లో అరడజనుంటాయి, ఏ తెలుగు తండ్రీ నోచుకోని భాగ్యం. మూడు పొరలూ కలిపి కుట్టే పెద్దపనిని లాంగార్మ్ మిషనున్న ఇంకొకావిడకి డబ్బిచ్చి అప్పజెప్పడం మామూలే, దాన్ని 'చెక్కుతో క్విల్టింగ్' అని తామే నవ్వుకుంటారు. దానాలూ చేస్తారు. యుద్ధాలకి వెళ్ళొచ్చిన సైనికులకి క్విల్టులిచ్చే 'క్విల్ట్స్ ఆఫ్ వేలర్' 2003 నుంచీ నడుస్తోంది. అది నిజమైన ఔదార్యమే, కాకపోతే ఇచ్చేముందు ఒకసారి సభలో ఎత్తి చూపిస్తారు. ఎత్తి పట్టుకునే పని భర్తది. ఆయన చేతులు పైకెత్తి వెనకాల నిలబడతాడు, ఫొటోలో పైన ఎనిమిది వేళ్ళు, కింద రెండు బూట్లు పడతాయి. ఆ రాత్రి ఆయన కప్పుకునేది మాత్రం బజార్లో కొన్న రగ్గు. మంచం మీద పరిచిన క్విల్టుని పడుకునే ముందు తీసి, కుర్చీ మీద మడిచి పెట్టాలి, ఆ మూల లోపలికి వచ్చేలా.