ఎనిమిది నిమిషాలట!

ఒరేయ్ బ్రదరూ, ప్రసంగం చెప్పమంటే ముందు ప్రొజెక్టర్ వైరు వెతుకుతావేంట్రా? ఈ బెంగళూరు మహదేవపురలో కరెంటు ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి.

మా రోజుల్లో సెమినరీలో ప్రసంగ శిక్షణంతా భోజనాల గదిలోనే. అందరూ పళ్లేల ముందు కూర్చుంటే ఒకడు నిలబడి అప్పజెప్పాలి. చేతిలో కాగితం ఉండకూడదు, మైకు లేదు. చారు జుర్రుకునే చప్పుడూ, స్టీలు గ్లాసుల మోతా దాటుకుని మన మాట ఆ చివరి బల్లదాకా పోవాలి. గొంతు తగ్గిందంటే రెక్టర్‌గారు చెంచాతో బల్లమీద టక్కున కొట్టేవారు. ఆ దెబ్బకి నాకు రెండో పాయింటు ఎగిరిపోయేది. మూడోదే రెండుసార్లు చెప్పి గట్టెక్కేవాణ్ణి. ఇవాళ కృష్ణరాజపురం తీగల వంతెన కింద హారన్ల మధ్య నిలబెట్టినా నా మాట వినిపిస్తుంది. ఎవరు ఆగి వింటారన్నది వేరే సంగతి.

ఇప్పుడో? కృష్ణరాజపురం క్రిస్తు జ్యోతి నుంచి ధర్మారాం దాకా బెంగళూరు నిండా దైవశాస్త్రం చదివే బ్రదర్లే. చేతులెలా ఊపారో, కళ్లెటు తిప్పారో వీడియో తీసి చూసుకుంటారట. సినిమా వేషాలకా వెళ్తున్నారు? పైగా అంతా ఇంగ్లీషే. గురుపట్టం కాగానే ఫిరంగిపురం వైపు ఏ పల్లెకో వేస్తే, మిరపకాయలు కోసి వచ్చిన ముసలమ్మకి నీ గ్రీకు మూలాలెందుకురా? ద్రాక్షతోట కూలీల కథ చెప్పు. పొద్దున వచ్చినవాడికీ, పొద్దువాలాక వచ్చినవాడికీ ఒకటే కూలి అంటే నీతో పోట్లాటకు దిగుతుంది. పోట్లాడిందంటే విన్నట్టే.

ఆదివారం ప్రసంగం మానకూడదని 1963లో వాటికన్ మహాసభ చెబితే, గంట చెప్పమన్నారనుకున్నాం మేము. 2024లో పోప్ ఫ్రాన్సిస్ ఎనిమిది నిమిషాలు దాటొద్దన్నారు. దాటితే జనం నిద్రపోతారట, ఆ నిద్ర న్యాయమేనట! ఎనిమిది నిమిషాలు నాకు గొంతు సవరించుకోవడానికే చాలవు. పౌలుగారు అర్ధరాత్రిదాకా చెప్పలేదూ? సరే, ఐతుకు అనే కుర్రాడు నిద్రలో తూలి మూడో అంతస్తు కిటికీలోంచి పడ్డాడనుకో. వాణ్ణి లేపి, మళ్లీ తెల్లారేదాకా చెప్పారాయన! నా ప్రసంగాల్లో అలా ఎవరూ పడలేదు. మా గుడి కిటికీలకు ఊచలుండేవిలే.

వచ్చే ఆదివారం నీ వంతు కదా. ఫోను సాక్రిస్టీలో పెట్టేసి రా. ముందు వరసలో వాచీ చూసుకుంటూ కూర్చుంటాను. తొమ్మిదో నిమిషం వచ్చిందో, నీ పని చెప్తా.