ఏ రాయైతేనేం?

వెనీరా, క్రౌనా? ఈ పెళ్లిళ్ల సీజన్‌లో తెలుగు కుటుంబాలను పట్టి పీడిస్తున్న ధర్మసందేహం ఇదే. కల్యాణ మండపం, క్యాటరింగు, డ్రోన్ కెమెరా అన్నీ ఖాయమైపోయాయి. వరుడి ముందుపళ్ల సంగతి ఒక్కటే తేలలేదు. ఫోన్ తెరిస్తే చాలు, తెల్లకోటు వేసుకున్న డాక్టరు ముప్ఫై సెకన్లలో రెండింటి గుణగణాలూ ఏకరువు పెడుతుంటారు. కింద జనం 'రేటెంత' అని బారులు తీరి ఉంటారు. ఈ ప్రశ్న వేసినవాడు అప్పటికే సగం ఒప్పేసుకున్నట్టు లెక్క, ఆ సంగతి అతనికి తెలియదు. 'ఏది' అని అడగడం అలవాటు చేస్తే 'అసలెందుకు' అని అడగడం జనం మరిచిపోతారని చీరల కొట్టు గుమాస్తాకు కూడా తెలుసు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని మన పెద్దలు వెటకారానికి అన్నారు. ఇప్పుడు ఆ రాళ్లనే అద్దాల బల్ల మీద పరిచి, ఇది సన్నం, ఇది గట్టి, ఇదైతే ఈఎంఐలో వస్తుంది అని అమ్ముతున్నారు. ఆషాఢం ఆఫర్ ఒక్కటే తక్కువ. ఎనిమిది పళ్లు చేయించుకుంటే రెండు ఉచితమనే బోర్డు వచ్చే ఏడాదికి తప్పకుండా వస్తుంది.

ముందు లెక్క చూద్దాం. వెనీరంటే పంటి ముందువైపు అతికించే పింగాణీ రేకు, మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. అది కూర్చోవడానికి సాధారణంగా పంటి ముఖం మీద దాదాపు అంత మేర గీస్తారు. క్రౌను, అంటే మనవాళ్లు క్యాపు అనేది, అలా కాదు. పన్నును చుట్టూతా ఒకటీ ఒకటిన్నర మిల్లీమీటర్లు, కొసన రెండు మిల్లీమీటర్ల దాకా చెక్కేసి, మిగిలిన మొద్దు మీద తొడిగేది. 2002లో ఎడెల్‌హాఫ్, సొరెన్‌సెన్ అనే ఇద్దరు పరిశోధకులు నమూనా ముందుపళ్లను రకరకాలుగా చెక్కి, ముందూ వెనుకా తూకం వేశారు. బయటికి కనిపించే పంటిభాగంలో వెనీరుకు, దాని రకాన్ని బట్టి, 3 నుంచి 30 శాతం పోయింది. పూర్తి క్రౌనుకు 63 నుంచి 72 శాతం పోయింది. అంటే క్యాపు తొడిగించుకున్న పంటిలో సొంతదారు వాటా మూడో వంతు. ఆ పోయేదేమో ఎనామిల్. శరీరంలో దానికన్నా గట్టి పదార్థం లేదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే నశిస్తాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. గీసేసిన ఎనామిల్ మాత్రం ఎన్ని పాలు తాగినా రాదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. వెనీరు నిలిచేదే ఎనామిల్ పట్టు మీద. ఆమ్లంతో ఎనామిల్‌ను గరుకు చేస్తే జిగురు గట్టిగా పట్టుకుంటుందని 1955లో మైఖేల్ బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు చూపించాడు. 1980ల్లో పింగాణీని కూడా అలాగే గరుకు చేసి అతికించడం నేర్చారు. కనుక ఎనామిల్‌ను ఎంత ఎక్కువ గీస్తే రేకు పట్టు అంత సడలుతుంది. ఈ పద్ధతులు రాకముందు, 1930ల హాలీవుడ్‌లో, చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు నటుల కోసం ఇలాంటి తొడుగులు చేసేవాడు. పాలపళ్లు ఊడుతున్న బాలనటి షిర్లీ టెంపుల్‌కు కూడా అతనే చేసిపెట్టాడు. షూటింగుకు పెట్టుకుని, అయిపోగానే తీసేసేవారు. వేషం వేషంలా, పన్ను పన్నులా ఉండేవి. మనం ఇరవై నాలుగేళ్ల వయసులో, ఒక రిసెప్షన్ ఆల్బమ్ కోసం, వేషాన్ని ముందుంచి పన్నును తీసేస్తున్నాం.

తెలుపు గురించి ఒక్క మాటతో సరిపెడతాను: రంగు పోల్చే పలకలో మనిషి పుట్టుకతో ఎరగని తెలుపులు కొన్ని ఉన్నాయి, అందరికీ అవే కావాలి.

ఇక వారంటీ కార్డు. నా కడుపుమంట అంతా దీని మీదే. జిర్కోనియా అనే పింగాణీ క్యాపు వేయించుకుంటే ఏటీఎం కార్డంత ప్లాస్టిక్ ముక్క చేతికిస్తారు. మెరిసే హోలోగ్రాము, క్యూఆర్ కోడు, సీరియల్ నంబరు, దాని పక్కన పంటి నంబరు. పై వరస కుడివైపు నడిమి పన్ను దంతవైద్యుల లెక్కలో 11, ఎడమది 21. ఐదేళ్లు, పదేళ్లు, పదిహేనేళ్లు, ఆ పైన లైఫ్‌టైమ్. పుట్టుకతో వచ్చిన పంటికి ఎవరూ ఏ కార్డూ ఇవ్వలేదు. మామిడి టెంకలు చీకింది, చెరుకు చీల్చింది, సకినాలు కొరికింది, అడగకుండానే పనిచేసింది. దాన్ని అరగదీసి చెత్తలో కలిపేసి, దాని స్థానంలో వచ్చినదానికి సీరియల్ నంబరు ఇవ్వగానే మనకు ధైర్యం వచ్చేస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ కార్డు, ఏసీ కార్డు ఉన్న బీరువా అరలోనే నోటి కార్డు కూడా భద్రంగా చేరుతుంది.

ఆ కార్డు దేనికి పూచీ పడుతుందో చదివినవాళ్లు తక్కువ. సాధారణంగా అది పూచీ పడేది క్యాపుకు. క్యాపు పగిలితే ల్యాబు ఇంకొకటి చేసి ఇస్తుంది. జిర్కోనియా గట్టి సరుకు, అంత తేలిగ్గా పగలదు. ల్యాబుకు ఆ సంగతి బాగా తెలుసు కాబట్టే అంత ఉదారంగా పదిహేనేళ్లు రాస్తుంది. చెడేది కింద ఉన్న పన్ను. క్యాపు అంచు దగ్గర పాచి చేరి పుచ్చుతుంది, చిగురు పైకి జరిగి అంచు బయటపడుతుంది, చెక్కుడు తాకిడికి కొన్ని పళ్లలో ఏళ్ల తరవాత లోపలి నరం చచ్చిపోయి రూట్ కెనాల్ తప్పదు. ఇవేవీ కార్డులోకి రావు. డాక్టరు ఫీజు రాదు, ఎక్స్‌రే రాదు, పన్ను ఊడితే ఇంప్లాంటు ఖర్చు అసలే రాదు. లోపలి పన్ను పోయాక కూడా క్యాపు నిక్షేపంలా ఉంటుంది, కార్డు ప్రకారం ఎవరి తప్పూ లేదు.

లైఫ్‌టైమ్ అంటే ఎవరి జీవితకాలం? క్యాపుదా, పంటిదా, మనిషిదా, క్లినిక్కు అద్దె ఒప్పందానిదా? దంతవైద్య పాఠాల ప్రకారమే క్రౌను మామూలుగా పది పదిహేనేళ్ల మాట. బాగా చేసిన వెనీర్లు పదేళ్ల తరవాత కూడా చాలావరకు నిలుస్తాయి, కానీ అవీ శాశ్వతం కావు. ఇరవై నాలుగేళ్లకు మొదలుపెడితే డెబ్భై అయిదు దాటేలోగా కనీసం మూడుసార్లు మార్చాలి. మార్చిన ప్రతిసారీ పాతది తీయాలి, తీసినప్పుడల్లా సొంత పన్ను ఇంకొంచెం పోతుంది. దీన్ని ఎనిమిది పళ్లతో హెచ్చవేయండి. నవ్వు కొన్నామనుకుంటున్నాం గానీ, నిజానికి సంతకం పెట్టింది జీవితకాలపు చందాకు. ఇప్పుడు తాగే ఐస్‌వాటర్‌కు పళ్లు జివ్వుమనడం ఆ చందాలో మొదటి వాయిదా.

వెటకారం ఇక చాలు. ఇదంతా డాక్టర్లకు తెలియని విషయమా? మొదటి ఏడాది నుంచి వాళ్లు చదివేదే ఇది. రూట్ కెనాల్ చేసిన దవడపన్నుకు, సగం విరిగిపోయిన పంటికి క్రౌను. ఎనామిల్ బాగానే ఉండి, పోని మరకో చిన్న విరుపో సందో ఉన్న ముందుపంటికి వెనీరు. రెండూ వేర్వేరు అవసరాలకు పుట్టిన వైద్యాలు. చీర అంచులా రోగి ఎంచుకోవాల్సినవి కావు. అయినా వెనీరని చెప్పి క్యాపు తొడిగేవాళ్లు ఉన్నారు. కారణం సులువు: వెనీరు అతికించడానికి ఓపిక కావాలి, చెయ్యి తిరిగి ఉండాలి, తడి తగలకూడదు. క్యాపైతే చెక్కడంలో పొరపాట్లన్నీ లోపల దాక్కుంటాయి. చవగ్గా అవుతుందని టర్కీ వెళ్లిన బ్రిటన్ కుర్రకారు ఇలాగే మోసపోయారు. వెనీర్లనుకుని కూర్చుంటే, ఆరోగ్యంగా ఉన్న పళ్లను మేకుల్లా చెక్కేశారు. 'టర్కీ టీత్' అనే పేరు అలా పుట్టింది, బ్రిటిష్ డెంటల్ అసోసియేషన్ బహిరంగంగా హెచ్చరించింది. హైదరాబాద్‌లో 2024 ఫిబ్రవరిలో, పెళ్లి కుదిరిన ఒక యువకుడు నవ్వు బాగు చేయించుకోవడానికి వెళ్లి ప్రాణాలతో తిరిగి రాలేదు. మత్తుమందు మోతాదు మించిందని తండ్రి ఆరోపించారు, పోలీసు కేసు అయింది. ప్రకటనలతో రోగులను రప్పించుకోవడం వృత్తిధర్మానికి విరుద్ధమని డెంటల్ కౌన్సిల్ 2014 నియమావళి చెబుతోంది. ఆ నియమావళిని ఈ రీల్స్ పక్కన పెట్టి చదివితే కోపం రాకుండా ఎలా ఉంటుంది? లక్షల్లో ఫీజు కట్టి, పోటీలో నలిగి, అద్దెలు కట్టలేక సతమతమయ్యే యువ డాక్టర్ల బాధ నిజమే. ఆ బాధ తీర్చాల్సింది ఇరవై నాలుగేళ్ల పిల్లాడి ముందుపళ్లు కాదు.

ఆత్మవిశ్వాసం మాటేమిటంటారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే అమ్మాయి బాధ చిన్నదేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ వంకర పళ్లకు క్లిప్పులున్నాయి, పసుపు పళ్లకు బ్లీచింగ్ ఉంది, గారకు క్లీనింగ్ ఉంది, చిన్న విరుపుకు కాంపోజిట్ ఉంది. వీటన్నిటిలోనూ పన్ను దాదాపు అలాగే మిగులుతుంది. ఒక్క చిక్కు, క్లిప్పులకు ఏడాది రెండేళ్లు పడుతుంది, ముహూర్తం మూడు వారాల్లో ఉంది. గీయకుండా అతికించే వెనీర్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. కొన్ని నోళ్లకు సరిపోతాయి కూడా. నల్లబడిన పంటి మీదో, ముందుకు తోసుకొచ్చిన పంటి మీదో గీయకుండా రేకు అతికిస్తే పెదవి ఉబ్బుతుంది, లోపలి రంగు కనబడుతుంది. ఆ మాట అద్దం ముందు కూర్చోబెట్టి చెప్పాలి, ఎవరూ చెప్పరు. ఇక 'నా పళ్లు, నా ఇష్టం' అనే వాదన. తప్పకుండా నీ ఇష్టమే, 63 నుంచి 72 శాతం అనే అంకె ముందుగా విని ఉంటే.

ఈ వైద్యాలు నిజంగా ఎవరికి కావాలో కూడా మనకు తెలుసు. 1937లోనే షార్ట్ అనే పరిశోధకుడి బృందం నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, నీళ్లలోని ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను గుర్తించి రాసింది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు వెళ్లినా, మర్రిగూడ, మునుగోడు వైపు వెళ్లినా ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలు ఇంకా కనిపిస్తాయి. నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్ నీరీ సంస్థ 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. జిల్లా పేరు అలా ప్రపంచ గ్రంథాలకెక్కింది. ఆ మరకలు ఎంత తోమినా పోవు, కారణం పళ్లు ఏర్పడుతున్నప్పుడే ఎనామిల్ చెడింది. అలాంటి పంటికి రేకు అతకడం కొంచెం కష్టమే గాని సాధ్యమే. వాళ్లకు పంటికిన్ని వేలు ఎక్కడినుంచి వస్తాయి? రీలు ఆ ఊళ్లకూ చేరుతుంది, రేకు చేరదు. ముత్యాల్లాంటి పళ్లున్నవాడికి మాత్రం నగరంలో కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

కాబట్టి ఆ కుర్చీలో వాలే ముందు మూడు సంగతులు అడగండి. ఈ పంటికి జబ్బేమిటి? ఎన్ని మిల్లీమీటర్లు గీస్తారు? గీయకుండా అయ్యే దారేదైనా ఉందా? జవాబులు పంటి నంబరుతో సహా కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. రాసివ్వమంటే నవ్వి ఊరుకుంటే, అడ్వాన్సు కట్టకుండా లేచి బయటికి నడవండి.