సీటు ఎత్తు

నేను పుట్టింది హిరోషిమాలో, సముద్రం ఒడ్డున ఉన్న ఉజినా ఫ్యాక్టరీలో. మాజ్దా వాళ్లకు అక్కడ సొంత రేవు ఉంది. చాలా బండ్లు లైను దిగి నేరుగా ఓడెక్కేస్తాయి. 2014 తొలి నెలల్లో తయారైన నేను మాత్రం అప్పట్లో దేశం దాటలేదు. పేరు సీఎక్స్-5. రెండు లీటర్ల పెట్రోలు ఇంజను, బలమంతా ముందు చక్రాలకే. మా వంశానికి 2012–13లో జపాన్ కార్ ఆఫ్ ది ఇయర్ బిరుదు దక్కింది. అందులో నా ప్రయోజకత్వం ఏమీ లేదు, అయినా సందు దొరికినప్పుడల్లా చెప్పుకుంటాను.

మొదట నన్ను కొన్నది ఫుకుయామాలో రిటైరైన దంపతులు. వారానికోసారి కూరగాయలు, అప్పుడప్పుడూ మనవల ఊరు, మిగతా కాలమంతా షెడ్డు నీడన. ఎనిమిదేళ్లలో నా ఒంటి మీద పడ్డ పెద్ద గాయం సూపర్‌మార్కెట్ ట్రాలీ గీసిన గీత. అంత బాగా చూసుకున్నవాళ్లు ఎందుకు వదులుకున్నారంటే, షాకెన్. కొత్త బండికి మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి జరిగే తనిఖీ అది. తనిఖీ ఖర్చు, పన్ను, తప్పనిసరి బీమా అన్నీ కలిసి ఒకేసారి నెత్తిన పడతాయి. నిక్షేపంగా తిరిగే బండి మీద కూడా అంత డబ్బు పెట్టడం దండగని అక్కడ చాలామంది అనుకుంటారు. నాకు నాలుగో షాకెన్ 2023 మొదట్లో పడింది. పెద్దాయనకు చూపు కూడా మందగించింది. గడువు రాకముందే వేలానికి పంపేశారు.

వేలంలో మనకంటే ముందు మన కాగితం మాట్లాడుతుంది. అందులో కారు బొమ్మ, బొమ్మ మీద గుర్తులు: గీత పడితే ఏ, సొట్ట పడితే యు, బాగుచేసిన చోట డబ్ల్యు, పక్కన తీవ్రత చెప్పే అంకె. నాకు వచ్చినవి ఎడమ తలుపు మీద ఒక ఏ1, వెనక బంపర్‌కు ఒక యు1. గ్రేడు 4. యాక్సిడెంటై బాగుపడినవాటికి అంకె ఉండదు, ఆర్ అని అక్షరం వేస్తారు. పాట సెకన్లలో ముగిసింది. ఎనిమిదేళ్ల కాపురం తెగడానికి అంత తక్కువ సమయం పట్టడం నాకు కొంచెం చిన్నతనంగానే అనిపించింది.

పాడింది న్యూజిలాండ్‌కు బండ్లు పంపే వ్యాపారి. ఆ దేశంలో ఇప్పుడు కార్ల తయారీ లేదు. 1998లో దిగుమతి సుంకం ఎత్తేశారు, ఆ ఏడాదే చివరి అసెంబ్లీ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. జపాన్‌లోనూ స్టీరింగు కుడివైపే కాబట్టి మా పాత బండ్లకు అది పుట్టిల్లు లాంటి అత్తిల్లయింది. కాకపోతే ఆ అత్తగారికి శుచి ఎక్కువ. చక్రాల సందుల్లో మట్టి ఉండకూడదు, రేడియేటర్ జాలీలో గింజ ఇరుక్కోకూడదు, ముఖ్యంగా స్టింక్ బగ్ అనే పురుగు దాక్కొని రాకూడదు. 2018 ఫిబ్రవరిలో ఆ పురుగుల వల్లే జపాన్ నుంచి వచ్చిన కార్ల ఓడలను ఆక్లాండ్ నుంచి తిప్పి పంపేశారు. అందుకని ఓడెక్కకముందే నన్ను కడిగి, దులిపి, సందు సందూ వెతికి పంపారు.

నేను దిగేసరికి ఆక్లాండ్ ఇంకా తేరుకోలేదు. 2023 జనవరి 27న విమానాశ్రయం దగ్గర ఒక్కరోజులో 245 మిల్లీమీటర్ల వాన పడిందట. పడమటి ఆక్లాండ్‌లో వాగులు పొంగి ఇళ్లలోకి వచ్చాయి, కార్లు మునిగాయి. హెండర్సన్‌లో గ్రేట్ నార్త్ రోడ్డు మీది ఒక యార్డులో నన్ను నిలబెట్టేనాటికి, కొనడానికి వచ్చిన ప్రతివాడూ ముందు తలుపు తీసి వాసన చూడడం మొదలెట్టాడు. సీట్ బెల్టును చివరిదాకా లాగి చూసేవారు. మునిగిన బండిని ఎంత కడిగినా బెల్టు లోపలి చుట్టల్లో బురద చార మిగులుతుంది. డిక్కీ నేల ఎత్తి స్పేర్ టైరు గుంటలో వేలు పెట్టి తుడిచేవారు. నాలో ఏమీ దొరికేది కాదు. అయినా కొనేవారు కాదు, ఎందుకంటే నా అద్దం మీద 15,990 డాలర్లని రాసి ఉంది.

ధరతో పాటు ఇంకో కాగితం కూడా ఉండేది. డీలరు అమ్మే ప్రతి పాత బండి మీదా అది అంటించడం ఇక్కడ చట్టం. తయారైన సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు, బండి మీద అప్పుందా, దిగుమతి చేసినప్పుడు దెబ్బతిని ఉందా, అన్నీ అందులో ఉండాలి. జనం మాత్రం ధర చదివి కాగితం వదిలేసేవారు. నా పక్కన అవుట్‌లాండర్ ఒకటి ఉండేది, ప్లగ్ పెట్టి చార్జ్ చేసే రకం. కరెంటు బండ్లకు రోడ్డు పన్ను లేదని తెగ గర్వపడేది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని జాతికి కూడా వెయ్యి కిలోమీటర్లకు 38 డాలర్లు కట్టమన్నారు. అప్పటికి మేమిద్దరం వేర్వేరు ఇళ్లకు వెళ్లిపోయాం కాబట్టి దాని ముఖం చూసే భాగ్యం దక్కలేదు.

చలికాలంలో ఒక శనివారం మా వాళ్లు వచ్చారు. అనంతపురం మనుషులు. కొడుకు, కోడలు, రెండేళ్ల పాప, విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దామె. వాళ్లు దిగిన చిన్న హ్యాచ్‌బ్యాక్ వైపు చూస్తే విషయం నాకు అర్థమైంది. పెద్దామె వెనక సీట్లోంచి బయటికి రావడానికి ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో కొడుకు భుజం పట్టుకొని, "అబ్బా, బాయిలోంచి ఎక్కొచ్చినట్లుందప్పా" అంది.

వాళ్లు నా కోసం రాలేదు. కొడుక్కి కొత్త బండి కావాలి. వారంటీ ఉంటుంది, ఎవరో వాడి వదిలేసింది మనకెందుకు, ఇదీ అతని వాదన. కోడలు నెలనెలా కట్టే వాయిదా గురించి మాట్లాడింది. పెద్దామె పట్టు వేరు.

"మన పెనుకొండ బండి యాడుందిరా? అది తీసుకోండి. మనూరోళ్ల కడుపు నిండుతాది."

కియా సెల్టోస్ సంగతి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఆ ఫ్యాక్టరీ లేస్తుంటే ఆమె బస్సులోంచి చూసిందట. 2019 ఆగస్టులో అక్కడి నుంచి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. అప్పటికే వాళ్లు షోరూములో సెల్టోస్ చూసి వచ్చారు. "అమ్మా, ఇక్కడికొచ్చేది కొరియాలో చేసిందే, పెనుకొండది కాదు" అని కొడుకు చెప్పాడు. ఆమె మొహం వాడింది. "అట్లయితే నాకేం పని" అంది. సెల్టోస్ పొడవులో నాకంటే తక్కువ, హంగులు మాత్రం నాకంటే ఎక్కువ. దాని ధరలో సగానికి నేను వస్తాను. ఈ లెక్క కోడలు మొగుడి వైపు చూడకుండానే గట్టిగా చెప్పింది.

అప్పుడు నా వెనక తలుపు తీశారు. పెద్దామె ముందు వీపు పెట్టి, సీటు మీద ఆని, కాళ్లు లోపలికి తిప్పుకుంది. మోకాళ్లు పెద్దగా వంచాల్సిన పని పడలేదు. మళ్లీ దిగింది. మళ్లీ కూర్చుంది. "ఇది బాగుందప్పా. ఎక్కేది లేదు, దిగేది లేదు."

నేను చాలా రోజులుగా గమనిస్తున్న విషయం ఇది. నేలకూ నాకూ మధ్య 210 మిల్లీమీటర్ల ఖాళీ ఉందని, కొండలెక్కుతానని, రాళ్లు దాటుతానని కరపత్రాల్లో రాస్తారు. ఈ ఊరి నుంచి వైటాకెరె కొండలెక్కి పీహా బీచ్‌కు వెళ్లినా దారి పొడుగునా తారే. ఎస్‌యూవీ కావాలని వచ్చేవాళ్లలో సగం మందికి కావలసింది నడుము వంచకుండా కూర్చునే సీటు, పాపను చైల్డ్ సీటులో పెట్టి బెల్టు బిగించేటప్పుడు వీపు విరగని ఎత్తు. ఇక్కడ ఏడేళ్లు నిండేదాకా పిల్లలకు ఆ సీటు తప్పనిసరి, అంటే ఆ వంగడం ఏళ్ల తరబడి రోజూ రెండు మూడుసార్లు. ఆ మాట పైకి చెప్పడానికి మగవాళ్లకు మొహమాటం. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందా అని అడుగుతారు. మా కొడుకూ అడిగాడు. లేదని తెలిసి కాస్త చిన్నబోయాడు.

కోడలు అడగలేదు. ఇంటి నుంచి ప్రామ్ తెచ్చుకుంది, అమ్మేవాడు చూస్తుండగానే డిక్కీ ఎత్తి పెట్టింది. చక్రం ఒకటి అడ్డం పడింది. పక్కకు తిప్పి పెడితే పట్టింది, దాని పక్కన బియ్యం బస్తాకు చోటు కూడా మిగిలింది. నా డిక్కీ 403 లీటర్లని పుస్తకంలో ఉంది. ఆ అంకె ప్రామ్ చక్రం ఎటు తిరగాలో చెప్పదు.

టెస్ట్ డ్రైవ్‌లో లింకన్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగగానే నా ఇంజను దానంతటదే ఆగిపోయింది. కొడుకు కంగారుపడి గేరు కదిపాడు. ఐ-స్టాప్ అది, సిగ్నల్లో పెట్రోలు మిగల్చడానికి పెట్టిన ఏర్పాటు. ఈలోగా నాలోని ఆడగొంతు మేలుకుంది: "కాడో గ సోన్యూ సరేతే ఇమాసెన్." జపాన్‌లో టోల్ గేట్ల కార్డు పెట్టే పెట్టె అది. పెద్దాయన తన కార్డు తీసుకుని పోయినప్పటి నుంచీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ కార్డు లేదని గుర్తుచేస్తూనే ఉంది. అది ఎప్పుడూ స్టార్ట్ చేయగానే అంటుంది. ఆ రోజు బ్యాటరీ నీరసానికి మధ్యలో ఆగి మళ్లీ లేచినట్టుంది.

"ఎవురమ్మా ఆ పాప? ఏమంటాండాది?" అంది పెద్దామె.

"ఏమో అత్తా, జపాన్ భాష."

"పాపం, ఎవురినో పిలస్తాండాది."

కొడుకు ఆ ఇంజను ఆగడం మర్చిపోలేదు, యార్డు బండి మీద అనుమానం మొదలైంది. దానికి తోడు ఆఫీసులో ఒకాయన ట్రేడ్‌మీ అనే వెబ్‌సైటులో ప్రైవేటుగా కొంటే రెండు వేలు తగ్గుతుందని అప్పటికే ఎక్కించి ఉన్నాడు. నిజమే, తగ్గుతుంది. కాకపోతే 1993 నాటి కన్స్యూమర్ గ్యారంటీస్ చట్టం డీలరు దగ్గర కొన్నవాడికే అండ. బండిలో లోపం బయటపడితే మోటార్ వెహికల్ డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్ గడప తొక్కొచ్చు. ఇంటి ముందు బోర్డు పెట్టి అమ్మినవాడి మీద ఆ దారి లేదు. ఆ రెండు వేలు ఈ అండకు ధర అని నాకనిపిస్తుంది, అయినా నేను యార్డు బండిని కదా, నా మాట కాస్త తగ్గించే వినండి.

అతను తొందరపడలేదు, అది నచ్చింది. మర్నాడు గ్లెన్ ఈడెన్‌లో మెకానిక్ పని చేసే కాకినాడ కుర్రాడిని తీసుకొచ్చాడు. ఆ అబ్బాయి నన్ను స్టార్ట్ చేయకముందే బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉందో లేదో చూశాడు. కొందరు అమ్మేవాళ్లు పొద్దున్నే ఇంజను వేడి చేసి ఉంచుతారు, చల్లటి ఇంజను చేసే చప్పుళ్లు వినపడకుండా. నాది చల్లగానే ఉంది. తర్వాత కింద పడుకొని టార్చి వేశాడు. జపాన్‌లో మంచు పడే ఊళ్ల బండ్లకు రోడ్ల మీద చల్లే ఉప్పు తగిలి అడుగున తుప్పు పడుతుంది. ఫుకుయామా ఎండ పుణ్యమా అని నాకది లేదు. టైముకు ఆయిల్ మార్చారా, టైమింగు బెల్టా చైనా, అన్నీ చూశాడు. చైనే, మార్చే పని లేదు. అప్పు ఏమైనా ఉందేమో ఫోన్లో రిజిస్టరు వెతికాడు.

చివర టైర్ల దగ్గర ఆగాడు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ముందువి బాగా అరిగాయి. వెనకవి 2019వి.

"అన్నా, బండి మంచిదేనండి. బ్యాటరీ బలహీనపడింది. ఇది ఐ-స్టాప్ బ్యాటరీ, మామూలుది పెడితే నిలవదు, ఖరీదెక్కువ. ముందు టైర్లు రెండూ, బ్యాటరీ వాళ్లనే వేయించమనండి. వెనకవి ఏడాది రెండేళ్లు లాగొచ్చు."

యార్డువాడు గొణిగి ఒప్పుకున్నాడు. ధరలో మాత్రం ఒక్క డాలరూ తగ్గించలేదు.

ఇంటి ముందు నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ డ్రైవ్‌వేలో పగలగొట్టారు. ముక్కలు పక్కింటి కుక్క ఎత్తుకుపోయింది. నా రేడియోకు ఎఫ్‌ఎం 76 నుంచి 90 దాకే వినపడుతుంది, ఇక్కడి స్టేషన్లు 88 నుంచి 108 దాకా. బ్యాండ్ ఎక్స్‌పాండర్ అనే చిన్న డబ్బీ పెట్టించారు. ఇప్పుడు చాలా స్టేషన్లు వస్తాయి కానీ తెర మీద కనిపించే నంబరు ఒకటి, వినిపించేది ఇంకొకటి. జపాన్ గొంతును తీసేయించమని కొడుకు అంటే పాప ఒప్పుకోలేదు. ఇప్పుడు నేను స్టార్టయితే పాపా నేనూ కలిసే ఆ మాట అంటాం.

కొడుక్కి కొత్త బండి మోజు పోలేదు. రాత్రిళ్లు ఫోన్లో హైబ్రిడ్‌ల ధరలు చూస్తాడు. 2023 డిసెంబర్ 31తో క్లీన్ కార్ డిస్కౌంట్ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు ప్రభుత్వం ఇచ్చే రాయితీ కూడా లేదు. కోడలికి ఈ సంగతి ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పడం బాగా తెలుసు. నేను వాళ్ల మాటలు పట్టించుకోను. ఏడాదికోసారి వచ్చే ఫిట్‌నెస్ తనిఖీ (ఇక్కడ వాఫ్ అంటారు) మీదే నా గుబులు.

ఈసారి గడువు వచ్చే వారం. కాకినాడ అబ్బాయి నిన్న సాయంత్రం వచ్చి నా వెనక టైరు గాళ్లలో గేజి దింపాడు.

"రెండు మిల్లీమీటర్లుందన్నా. పైగా 2019వి, పగుళ్లు మొదలయ్యాయండి. మార్చేద్దాం."

"చట్టం ఒకటిన్నరే కదా అడిగేది. పాస్ అవుతుందిగా?"

"పాస్ అవుతుందండి. వానలో బ్రేక్ వేస్తే ఆగాలి కదా మరి."

"వచ్చే నెల చూద్దాంలే."

వంటింటి కిటికీలోంచి కోడలి గొంతు: "వచ్చే నెల ఏమీ లేదు. రేపే వేయించండి. పండక్కి అత్త మళ్లీ వస్తాండాది."