గోడలకు నోళ్లుంటాయి

గోడలకు చెవులుంటాయని మీరంటారు. భూపాలపల్లిలో నన్ను పెట్టిన మీటింగు హాల్లో గోడలకు నోళ్లే ఎక్కువ. కింద టైల్స్, పక్కన అద్దాల కిటికీలు, పైన నున్నటి స్లాబు. ఎవరైనా ఒక్క మాటంటే చాలు, నాలుగు గోడలూ అందుకుంటాయి. బయట బొగ్గు లారీలు, లోపల ఫ్యాన్లు సరేసరి.

నేను టేబుల్ మీది గుండ్రటి యంత్రాన్ని. 10 సెంటీమీటర్ల వెడల్పు, అంచు చుట్టూ ఆరు చిన్న మైకులు. మాట ఎటునుంచి వస్తోందో నేను పట్టుకోవాలి, కెమెరా అటు తిరగాలి. ఇంతే నా ఉద్యోగం.

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. నా ఈ అంచు నుంచి ఆ అంచుకు 0.3 మిల్లీసెకను కూడా పట్టదు. సెకనుకు 16,000 నమూనాలు తీసుకున్నా ఆ కాస్త వ్యవధిలో అయిదు కూడా నిండవు. ఏ మైకు ముందు విన్నది, ఏది వెనక విన్నది అన్న ఆ ఇసుమంత తేడాతోనే దిక్కు పట్టాలి. గోడకు తగిలి 10 మీటర్లు ఎక్కువ తిరిగొచ్చిన మాట 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. నాకది యుగం. అయినా మోసపోతాను. మనుషులు ఆగి ఆగి మాట్లాడరు కదా, పాత మాట ప్రతిధ్వని వచ్చి కొత్త మాట మీద పడుతుంది.

1976లో నాప్, కార్టర్ రాసిన పేపర్లో దీనికో ఉపాయం ఉంది. ఫేజ్ ట్రాన్స్‌ఫార్మ్ అంటారు. ఎంత గట్టిగా మోగిందన్నది పక్కన పడేసి, ఎప్పుడు చేరిందన్నదే చూడడం. ధ్వనిలోని ప్రతి పౌనఃపున్యానికీ ఒకే ఓటు. దాంతో గోడల పెత్తనం చాలావరకు తగ్గింది గాని, ఓటు హక్కు ఫ్యానుకూ వచ్చింది. వెనక వరసలో ఎవరైనా నసిగితే కెమెరా గంభీరంగా ఫ్యాను వైపు చూస్తుంది. అందరూ నవ్వుతారు. నవ్వు అన్ని వైపుల నుంచీ వస్తుంది, నాకు ఇంకా తికమక.

ఓసారి గని కార్మికుల మీటింగు. డ్రిల్లు మోతలో ఏళ్లు గడిపినవాళ్లు, గొంతులు పెద్దవి. నా పక్కనే రిటైరైన మైనింగ్ సర్దారొకాయన కూర్చున్నాడు. బాయిలో పైకప్పును కర్రతో తట్టి, డొల్లగా మోగితే మనుషుల్ని పక్కకు జరిపిన చెవులవి. ఆయన ముందు నేనెంత! నావైపు వంగి అడిగాడు:

“నేనెంత దూరంల ఉన్ననో చెప్తదా ఇది?”

“చెప్పది కాకా. ఏ దిక్కున్నవో గంతే,” అన్నాడు ఆపరేటరు.

నిజమే. ఇంత చిన్న ఒంటితో దిక్కు తెలుస్తుంది గాని దూరం అందదు. అవతలి గోడకు నాలాంటిదే ఇంకొకటి ఉంటే, మా ఇద్దరి దిక్కులూ ఎక్కడ కలుస్తాయో చూసి మనిషి కూర్చున్న కుర్చీనే చెప్పొచ్చు. తెప్పిద్దామన్నారు. రేటు అడిగారు. ఇంతలో టీ వచ్చింది.